చుట్టి మోసే తెర

మణుగూరులో ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం, నా వల్ల ఒక నాగుపాముకు పట్టీలు వచ్చాయి.

అడవి అంచు ఊళ్లలో పాముకాటు మీద మీటింగులు పెట్టడం నా పని. ఆఫీసువాళ్లు ఒక చిన్న సినిమా ఇచ్చారు, టిఫిన్ డబ్బా అంత ప్రొజెక్టరు ఇచ్చారు, ఒక స్పీకరు ఇచ్చారు. తెర ఇవ్వలేదు. అడిగితే, "గోడ ఉంటది కదా మేడమ్" అన్నారు. గోడలు ఉన్నాయి. వెదురు తడికల మీద మట్టి మెత్తి, ఎర్రమన్నుతో అలికిన గోడలు. వాటి మీద ఏ బొమ్మ వేసినా ఎర్రగానే కనపడుతుంది. అంగన్‌వాడీ గదికి సున్నం గోడ ఉంటుంది గాని, దాని నిండా అచ్చులు, అరటిపండ్లు, ఏనుగులు. అందుకని నా మంచం మీది తెల్ల దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లాను.

ఆ ఊరు వాగు అవతల ఉంటుంది. అక్కడి ఆశా కార్యకర్త నాకంటే రెండు మూడేళ్లు చిన్నది. పదో తరగతి దాకా చదివింది. నేను తెలుగులో చెప్పింది కోయలో చెప్పేది తనే. ఇప్పచెట్టు కొమ్మకు దుప్పటి కట్టి, మబ్బు పట్టి వెలుతురు తగ్గిన సాయంత్రం కాబట్టి ధైర్యం చేసి సినిమా వేశాం. నలభై మంది దాకా కూర్చున్నారు. నాగుపాము పడగ విప్పి నిలబడ్డప్పుడు ముందు వరసలో ఒక ముసలాయన ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆశా కార్యకర్త నాకు చెప్పడానికి కొంచెం ఆలోచించింది.

"గిదేం పాము అని అడుగుతుండు మేడమ్. పడగ ఉన్నది, ఒంటి మీద పట్టీలు గూడ ఉన్నయి. గసుంటి పాము మా అడవిల లేదంటుండు."

చూస్తే నిజమే. దుప్పటి మడతల గీతలు పాము ఒంటి మీద అడ్డంగా పడ్డాయి. పడగ ఉంటే నాగుపాము, పట్టీలు ఉంటే కట్లపాము అని అప్పటికి రెండు నిమిషాల ముందే మా సినిమా చెప్పింది. నేనూ వాళ్లతో పాటు నవ్వాను. స్కూటీ మీద తిరిగి వస్తుంటే మాత్రం నవ్వు రాలేదు. ఏ పాము కరిచినా దవాఖానాకే పోవాలని చివర్లో చెప్తాం, అది వేరే సంగతి. ఆ ముసలాయనకు పాముల గురించి నాకంటే ఎక్కువ తెలుసు. తనకు తెలిసినదాన్ని తప్పుగా చూపించినవాళ్లు, తనకు తెలియనిది చెప్తే ఆయన ఎందుకు నమ్మాలి?

తర్వాత దుప్పటి ఇస్త్రీ చేసి తీసుకెళ్లాను. సంచిలో పెట్టాలంటే మళ్లీ మడవాలి కదా, గీతలు మళ్లీ వచ్చాయి. ఆఫీసులో గొడవ పెడితే ఖమ్మం నుంచి ఒక పాత తెర పంపించారు. ఇనుప కాళ్లది, మూడు కాళ్ల మీద నిలబడేది. పెట్టె నాకంటే పొడుగు. ఆటో కిరాయికి మాట్లాడుకుని ఒకే ఒక్కసారి తీసుకెళ్లాను. సినిమా మధ్యలో గాలి వచ్చింది. తెర ముందుకు వాలి కూర్చున్నవాళ్ల మీద పడింది. ఇనుప కడ్డీ ఒక పెద్దావిడ భుజానికి తగిలింది. ఆమె భుజం రుద్దుకుంటూ ఏమీ కాలేదని చెయ్యి ఊపింది. మీటింగు అయ్యేదాకా ఆ చెయ్యి భుజం మీదే ఉంది. ఆ తెరను ఆఫీసు మూల పెట్టేశాను.

నేను అప్పుడు ఉండేది గని కాలనీ బయట ఒక ఇంటి మీద గదిలో. ఇంటాయన బొగ్గు గనిలో బెల్టు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. బెల్టు అంటే భూమి లోపలి నుంచి బొగ్గును పైకి మోసే రబ్బరు పట్టా. అది పక్కకు పోకుండా, తెగకుండా, ఆగకుండా చూడటం ఆయన ఉద్యోగం. మిషన్ల మోతకు చెవులు మందగించాయి. అందుకని గట్టిగా మాట్లాడేవాడు. మెట్లెక్కితే ఆయాసం. నాది పెనుబల్లి వైపు. మా వైపు అలవాటు కొద్దీ ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున వాకిట్లో దుప్పటిని ఒక ప్లాస్టిక్ పైపుకు చుడుతూ కూర్చున్నాను. అప్పటికి నాకు తోచింది అంతే. మడవకుండా చుడితే గీతలు పడవని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఏందమ్మా గది?"

చెప్పాను. పాము, పట్టీలు, ముసలాయన, ఇనుప కడ్డీ, అన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు. లేచి వచ్చి నేను చుట్టినదాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. ఒక పక్క చుట్టలోంచి గుడ్డ శంఖం మొనలాగా బయటికి వచ్చి ఉంది.

"నీ గుడ్డ పక్కకు పోతున్నది చూడు" అన్నాడు. "గనిల బెల్టు గూడ గిట్లనే పోతది. అందరు బెల్టు బాగలేదంటరు. బెల్టు బాగనే ఉంటది. అతుకు వంకర."

చాక్‌పీసు తెచ్చి అరుగు మీద ఒక చదరం గీశాడు. మూల నుంచి మూలకు రెండు గీతలు గీశాడు. ఆ రెండు గీతల పొడుగు సమానంగా ఉంటేనే గుడ్డ సాపుగా కోసినట్టు, అప్పుడే పైపుకు నేరుగా అతుకుతుంది, అప్పుడే నేరుగా చుట్టుకుంటుంది అన్నాడు. దుప్పటి కొలిస్తే రెండు గీతలకూ మధ్య మూడు వేళ్ల తేడా ఉంది.

ఆ తర్వాత ఎండాకాలం దాకా, ఆదివారాలన్నీ దీనికే పోయాయి. ఆయనకు నేను కొన్ని షరతులు పెట్టాను. స్కూటీ మీద కాళ్ల దగ్గర నిలబెడితే నా భుజం దాటకూడదు. నేనొక్కదాన్నే రెండు నిమిషాల్లో కట్టగలగాలి. గాలికి ఎవరి మీదా పడకూడదు. ఆయన వాటిని పాత డైరీలో రాసుకున్నాడు. రాసుకున్నాక, "నాలుగడుగుల పైపు. గంతకు మించొద్దు" అని తేల్చాడు.

ముందు గుడ్డ దొరకాలి. ఊళ్లో ఫ్లెక్సీలు వేసే షాపులో అచ్చు వెయ్యని తెల్ల ఫ్లెక్సీ ముక్క తెచ్చాను. సందె వేళ మేడ మీద ప్రొజెక్టరు పెట్టి చూశాం. నున్నటి మెరుపు. నడి మధ్యలో బల్బు వెలిగినట్టు ఒక తెల్ల మచ్చ, అంచులన్నీ చీకటి. పక్కకు జరిగితే బొమ్మే లేదు. దుప్పటి అయితే సగం వెలుగును వెనక్కి వదిలేస్తోంది. వెనక గోడ మీద కూడా పాము కనపడింది. చివరికి ఖమ్మంలో ఒక పరదాల షాపులో దొరికింది. కిటికీలకు ఎండ రాకుండా వేసే మందపాటి గుడ్డ. ఒక వైపు పువ్వులు, రెండో వైపు రబ్బరు పూసిన పాలతెలుపు. మెరుపు లేదు, వెలుగు అవతలికి పోదు. నేను తెల్ల వైపు చూసి బేరం చేస్తుంటే షాపతను ఆగమాగం అయ్యాడు.

"మేడమ్, గది ఎనక దిక్కు. ముందట చూడండి, మంచి డిజైను."

"మాకు వెనకవైపే కావాలండీ."

ఏడడుగుల గుడ్డ తీసుకున్నాను. అంత పొడుగు ఎందుకంటే, ఏ ఊళ్లో కొమ్మ ఎంత ఎత్తున ఉంటుందో తెలీదు. ఎత్తున ఉంటే గుడ్డ ఎక్కువ దించుకోవాలి. కింద ఉంటే పైపు మీదే రెండు మూడు చుట్లు ఉంచెయ్యాలి.

ప్లాస్టిక్ పైపు గుడ్డ బరువుకు నడుమ కొంచెం కుంగింది. ఆ కొంచానికే తెర మీద రెండు పక్కల నుంచి మధ్యకు ముడతలు జారాయి. దాన్ని తీసేసి అల్యూమినియం పైపు తెచ్చాం. నేను అంచులు కుట్టిద్దామని గుడ్డను టైలరు దగ్గరికి తీసుకుపోతుంటే పిన్ని ఆపింది. ఆమె అప్పటిదాకా మా పనిలో వేలు పెట్టలేదు. వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తూ చూస్తూ ఉండేది.

"అంచు కుట్టకు బిడ్డా. చీర రోలింగుకిచ్చినప్పుడు చూసినవా, అంచు కాడ లావైతది, నడుమ వదులైతది. నీది గూడ గట్లనే అయితది."

ఆయన ఆమె వైపు చూసి, "అవ్" అన్నాడు. నేను అంచులు కుట్టించలేదు. వేడి కత్తితో కోసి వదిలేశాం. ఆ ఒక్క మాటతో ఎన్ని ఆదివారాలు మిగిలాయో నాకు తెలుసు గాని, ఆమెకు చెప్పినట్టు గుర్తులేదు.

గుడ్డను పైపుకు గమ్ముతో అతికిస్తే చాలని నేను అన్నాను. గమ్ము ఎండకు వదిలేస్తుందని ఆయన ఒప్పుకోలేదు. సన్నటి అల్యూమినియం పట్టీ పెట్టి, పట్టీకీ పైపుకీ మధ్య గుడ్డను బిగించి, నాలుగేసి వేళ్లకు ఒక రివిట్ కొట్టాడు. పైనా అలాగే, కిందా అలాగే. వేలాడే గుడ్డకు ఇంత బందోబస్తు ఎందుకని అడిగాను.

"అతుకు అంటే అతుకే" అన్నాడు.

మిగిలింది గాలి. కింద బరువు ఉంటేనే గుడ్డ నిలుస్తుంది. బరువు ఉంటే నేను మొయ్యలేను. దీని మీద రెండు వారాలు ఆగిపోయాం. ఆయన ఒకరోజు మధ్యాహ్నం బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్న పిన్నిని చూసి వచ్చి, కింది పైపును విప్పమన్నాడు. దానికంటే లావుపాటి పైపు పెట్టి, రెండు కొసలకూ మరలు ఉన్న మూతలు బిగించాడు. పోయేటప్పుడు ఖాళీ పైపు. ఊళ్లో బోరింగు దగ్గర నీళ్లు పోసుకుంటే బరువు. మీటింగు అయ్యాక నీళ్లు పారబోస్తే మళ్లీ ఖాళీ.

మొత్తం చుడితే నా చెయ్యి లావు కూడా లేదు. పిన్ని పాత రగ్గుతో దానికి గలేబు కుట్టింది. వేసవి చివర మొదటిసారి తీసుకెళ్లాను. రెండు తాళ్లు కొమ్మ మీంచి వేసి, ముడి వేసి, గుడ్డ దించి, నీళ్లు పోశాను. గాలికి తెర ఊగింది గాని లేవలేదు. నాగుపాము నాగుపాములాగే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. తెర గురించి ఎవరూ ఏమీ అనకపోవడమే నాకు కావలసింది. ఇంటికి వచ్చాక ఆయన అరుగు మీదే ఉన్నాడు.

"పక్కకు పోయిందా?"

"పోలేదు బాబాయ్."

"ముడతలు?"

"లేవు."

పేపరు మళ్లీ తీశాడు.

వానలు మొదలైన నెలలోనే వాగు అవతలి ఊళ్లో ఇంకోసారి సినిమా వేశాం. ఈసారి ఆడవాళ్లు ఎక్కువ వచ్చారు. కరిచిన చోట కొయ్యకూడదు, గట్టిగా కట్టకూడదు, మనిషిని నడిపించకూడదు, కాలు కదలనివ్వకూడదు. ఆశా కార్యకర్త ఒక్కొక్కటీ రెండేసి సార్లు చెప్పింది. సినిమా అయ్యేసరికి వాన పెద్దదైంది. వాగు పెరుగుతోందని ఎవరో వచ్చి చెప్పారు. స్కూటీని ఇద్దరు మగవాళ్లు పట్టుకుని దాటించాలి. తెర కూడా ఎందుకని ఆశా కార్యకర్త ఇంట్లో వదిలేశాను. వచ్చే వారం పక్క ఊళ్లోనే మీటింగు ఉంది, అప్పుడు తీసుకుందామనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆమె ఫోను చేసింది. భద్రాచలం దవాఖానా నుంచి మాట్లాడుతున్నానంది.

"మేడమ్, మీ తెర ఖరాబైంది" అంది ముందు. ఆ తర్వాత మిగతాది చెప్పింది.

ముందు రోజు పత్తి చేలో కలుపు తీస్తున్న ఒకామెను రక్తపింజర కాలి మడమ పైన కరిచింది. ఆమె, ఆమె తోడికోడలు, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు చేలో. కాటు పడ్డామె లేచి ఇంటివైపు నడవబోయింది. మా సినిమా చూసింది తోడికోడలు. తోడికోడల్ని భుజాలు పట్టి కూర్చోబెట్టేసి, కాలి మెట్టెలు తీయించి, ఒకామెను ఆశా కార్యకర్త ఇంటికి పరుగెత్తించింది. ఆ చేనుకు దగ్గర ఇల్లు అదే.

అంబులెన్సు వాగు ఇవతల రోడ్డు దాకానే వస్తుంది. చేను నుంచి వాగు దాకా రెండు మైళ్లు ఉంటుంది, చెట్ల మధ్య కాలిబాట. మామూలుగా అయితే మంచాన్ని తిరగేసి వాసానికి కట్టి మోస్తారు. ఆ బాటలో వానకు చెట్లు కమ్ముకుని మంచం పట్టదు. చీరలో వేసి మోస్తే మనిషి రెండుగా ముడుచుకుపోతుంది, కాలు కదులుతుంది. ఆశా కార్యకర్త గుమ్మం పక్కన నిలబెట్టి ఉన్న నా తెర చూసింది. రెండు కొసలా రెండు పైపులు, మధ్య మందపాటి గుడ్డ. భుజాన వేసుకుని చేలోకి పరుగెత్తింది.

తల వైపు ఒక పైపు, కాళ్ల వైపు ఒక పైపు. వాటిని పొడవాటి వెదురుకు ముందూ వెనకా తాళ్లతో కట్టారు. పైపులు ఉండటంతో గుడ్డ వెడల్పుగానే నిలిచింది, కాలు చాపే ఉంది. మంచానికి కుదరనిది, ఇరుకు చోట్ల పైపులను ఓరగా తిప్పుకుంటూ నలుగురు మార్చి మార్చి మోశారు. వాగు మోకాళ్ల పైదాకా ఉంది. దాటించారు.

నేను ఆ మధ్యాహ్నం భద్రాచలం వెళ్లాను. ఆమె వార్డులో పడుకుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. కాలు తొడ దాకా వాచి, చర్మం బిగిసి మెరుస్తోంది. మందు ఎక్కుతోంది. ఇంకా చాలా రోజులు ఉండాలన్నారు, కానీ భయం లేదన్నారు. తోడికోడలు మంచం పక్కన నేల మీద కూర్చుని నిద్రపోతోంది. తెరను ఎవరో చుట్టి మంచం కింద పెట్టారు. చక్కగా, నేరుగా చుట్టారు. గుడ్డంతా బురద, ఒక మూల నెత్తురు మరక. మంచం మీద ఉన్నామె నిద్రలోంచి కళ్లు తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకుంది. నేనెవరో ఆమెకు తెలీదు. ఏం చెయ్యాలో తెలియక కాసేపు నిలబడి, తెర తీసుకుని వచ్చేశాను.

ఇంటాయన దాన్ని అరుగు మీద పరిపించుకుని మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. గుడ్డ చిరగలేదు. పై పైపు నడుమ కొంచెం వంగింది. కింది పైపు మూత ఒకటి పోయింది. దాని చోట ఎవరో కర్రముక్క చెక్కి బిగించారు. నీళ్ల పైపు అని వాళ్లకు తెలుసు కాబట్టి మూత లేకుండా పంపడానికి మనసొప్పలేదేమో. పైన రివిట్ల దగ్గర రెండు చోట్ల గుడ్డ సాగి, రంధ్రం వేలు పట్టేంత అయింది. ఆ రెండింటి మీదే ఆయన వేలు ఆగింది.

"ఎంత దూరం మోసిండ్రు?"

"రెండు మైళ్లు బాబాయ్."

తర్వాత తనంతట తనే చెప్పాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి లోపల పైకప్పు రాయి పడి ఒకాయన నడుము విరిగింది. స్ట్రెచరు వచ్చేదాకా ఆగలేక, పాత బెల్టు ముక్క కోసి, దాని మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. ముందు కొస పట్టుకున్నది ఈయనే.

"బతికాడా?"

"బతికిండు. ఇప్పుడు ఖమ్మంల ఉంటడు. ఒక్కసారి ఫోను చెయ్యడు."

లోపల్నుంచి పిన్ని నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ వారం నేను ఆఫీసుకు రిపోర్టు రాశాను. తెర బొమ్మ గీసి, కొలతలు వేసి, దీన్ని మీటింగులకు తెరగానూ, అవసరానికి మనిషిని మోసే స్ట్రెచరుగానూ వాడుకోవచ్చు అని రాశాను. గర్వంగానే రాశాను. ఇలాంటివి మండలానికి రెండు చేయించాలని కూడా రాశాను. పంపేముందు ఆయనకు చదివి వినిపించాను. చెవిటివాడు కాబట్టి గట్టిగా చదవాల్సి వచ్చింది, వీధంతా విన్నది.

"గా మాట కొట్టెయ్" అన్నాడు.

"ఏ మాట?"

"స్ట్రెచరు. గది స్ట్రెచరు గాదు."

"మోశారు కదా బాబాయ్. బతికింది కదా."

"రెండు రివిట్లు పోయినయి. ఇంకో మైలు నడిస్తే మూడోది పోతుండె. మూడోది పోతే వరసగ అన్నీ పోతయి. నేను గుడ్డ బరువుకు కొట్టిన, మనిషి బరువుకు కొట్టలే. నువ్వు గిట్ల రాస్తే, రేపు ఇంకెవరో దీన్ని నమ్ముకుని వాగు నడుమల నిలబడుతరు."

నాకు కోపం వచ్చింది. ఆ రిపోర్టులో చెప్పుకోదగ్గది ఆ ఒక్క మాటే. పైకి వచ్చి గదిలో కూర్చున్నాను. ఆ రంధ్రాలు నేనూ చూశాను. వాటిలో వేలు పెట్టి చూసినప్పుడు నేను అనుకున్నది, గుడ్డ ఎంత గట్టిదో అని. ఆయన అదే రంధ్రాలు చూసి ఎంత దగ్గర్లో తప్పిందో లెక్క కట్టాడు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. కిందికి వెళ్లి చెప్పాను.

"స్ట్రెచరు కావాలంటే స్ట్రెచరు చేద్దాం" అన్నాడు. "దాని లెక్క వేరే ఉంటది."

చేశాడు. దానికి గుడ్డ కూడా వేరే, లారీల మీద కప్పే టార్పాలిన్ రెండు పొరలు వేయించాడు. పక్కలకు రెండు పొడుగు పైపులు, కొసలకు అడ్డ కడ్డీలు. రివిట్లు లేవు. గుడ్డను పైపు చుట్టూ తిప్పి దాని మీదకే కుట్టించాడు. పూర్తయ్యాక దాని మీద నన్ను పడుకోమన్నాడు. ఇద్దరు పక్కింటివాళ్లు వీధి చివరి దాకా మోసుకుపోయి తెచ్చారు. దింపాక ఆయన ప్రతి కుట్టునూ చేత్తో తడిమాడు. తర్వాత పిన్నిని పడుకోమన్నాడు. ఆమె పడుకోలేదు.

ఆ స్ట్రెచరు ఇవ్వడానికి ఆయన కూడా వచ్చాడు. పిన్ని వద్దంది, ఆయాసం అంది. ఆటోలో వాగు దాకా వచ్చి, నీళ్లు తగ్గి ఉన్నాయి కాబట్టి ప్యాంటు పైకి మడిచి మెల్లగా దాటాడు. ఆ ఊళ్లో అంగన్‌వాడీ గదిలో గోడకు రెండు మేకులు కొట్టించి దాన్ని వేలాడదీయించాడు. ఎవరైనా అందుకునేంత ఎత్తులో ఉందో లేదో ఆశా కార్యకర్తను చెయ్యి చాపమని చూసుకున్నాడు. తర్వాత చెట్టు కింద కూర్చుని, తాను చేసి, మళ్లీ కడిగి బాగుచేసిన తెర మీద సినిమా మొదటిసారి చూశాడు. సినిమా వైపు చూశాడని చెప్పలేను. ఎక్కువసేపు కింది పైపు వైపు చూశాడు.

ఆ రోజు పాము కరిచినామె కూడా వచ్చింది. పత్తి ఏరే రోజులు. కాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది. ఆమె సినిమా ఎప్పుడూ చూడలేదు. ఆ వానల్లో వేసిన రోజు చేలోనే ఉండిపోయిందట. ఆశా కార్యకర్త తెర చూపించి నిన్ను మోసింది దీని మీదే అని చెప్తే, దగ్గరికి వచ్చి గుడ్డను రెండు వేళ్లతో పట్టి చూసింది. వెనక్కి తిప్పి పువ్వులు చూసింది. కోయలో ఏదో అంది.

"రబ్బరు వాసన మతికున్నదంట" అంది ఆశా కార్యకర్త. "ఇంకేం మతికి లేదంట."

సినిమా మొదలైంది. నాగుపాము దాకా కూర్చుంది, కట్లపాము దాకా కూర్చుంది. రక్తపింజర తెర మీదికి రాగానే లేచి, కొంగు సర్దుకుని, ఏదో అంటూ వెళ్లిపోయింది. నేను ఆశా కార్యకర్త వైపు చూశాను.

"చూసిననే, దగ్గర్నే చూసిన అంటున్నది మేడమ్."

సినిమా అయ్యాక ముడులు విప్పుతుంటే మళ్లీ వచ్చింది. కింది పైపులో నీళ్లు పారబోస్తుంటే, మట్టిలో ఎందుకని తన బిందె పట్టింది. పట్టి, నన్ను ఒక మాట అడిగింది. నాకు అర్థమయ్యేలా ఈసారి తెలుగులోనే అడిగింది.

"మేకల రోగాలది లేదా సినిమా?"

లేదన్నాను. నోటుబుక్కు తీసి రాసుకున్నాను. ఇంటాయన అప్పటికే తెరను సగం చుట్టేశాడు.